పారిపోయేవాళ్ళం కాదు, చోటు లేనివాళ్ళం



ఇది బాలింతల గురించిన పోస్టు, పొడుగ్గానే ఉంటుంది. మగపిల్లలు "ఆడోళ్ళ విషయం గదా" అని దాటేసి పోవద్దు. ఆ దాటేసే అలవాటు మీద కూడా లోపల నాలుగు మాటలు ఉన్నాయి.

మనలో నర్సింగ్ చదివే చెల్లెలు ఒకామె ఉంది. ఏ ఊర్లో, ఏ ఆసుపత్రిలో అన్నది చెప్పం, ఆమె చదువు పూర్తి కావాల. పోయిన నెల రాత్రి డ్యూటీ దిగేవాళ్ళు పొద్దుటి డ్యూటీ వాళ్ళకు వార్డు అప్పజెప్పే టైంలో ఒక మాట విన్నది. "పదకొండో మంచం ఎస్టీ కాలనీ కేసా? అయితే రేపటికి ఖాళీనే లే. వాళ్ళు ఉండే రకం కాదు, పారిపోతారు." అందరూ నవ్వినారంట. ఈమె కూడా నవ్వింది. ఆమెది ఏ తెగో అక్కడ ఎవరికీ తెలియదు. రూముకు వచ్చినాక ఫోన్ చేసి, "నేనెందుకు నవ్వినాను అన్నా" అని ఏడ్చింది.

ఆ "పారిపోతారు" అన్న మాట మీదనే ఈ పోస్టు.

ఆసుపత్రి కాగితాల్లో దానికి మర్యాదగల పేరు ఒకటి ఉంది, లామా అని. డాక్టరు సలహాకు వ్యతిరేకంగా వెళ్ళిపోయారని దాని అర్థం. కేసు షీటు మీద ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసి, కింద బాలింతతోనో ఆమె అత్తతోనో వేలిముద్ర వేయించుకుంటారు. చెప్పకుండా పోతే "అబ్‌స్కాండెడ్" అని రాస్తారు, అంటే పరారీ. ఈ పరారీ అన్న మాట మనకు కొత్త కాదు. ఎరుకల కుటుంబాలను నేరస్థ తెగల చట్టం కింద రిజిస్టర్లలో ఎక్కించి లెక్కపెట్టిన రోజుల్లో, హాజరు టైముకు మనిషి కనపడకపోతే పరారీ అనేవాళ్ళు. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. మాట మాత్రం ప్రసూతి వార్డులో బతికే ఉంది.

ఇప్పుడు అట్లా "పారిపోయిన" ఒకామె సంగతి చెప్తాం. ఆమె మాలో ఒకరికి వదిన అవుతుంది. యానాదులు. అన్న ఒక చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, చెరువాయన దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు కాబట్టి ఒక్క రాత్రి కూడా కదలడానికి లేదు. వదినకు ఇది రెండో కాన్పు. నొప్పులు మొదలైనాక ఆశా అక్క ఫోన్ చేస్తే 108 వచ్చింది. ఆసుపత్రికి చేరినారు. రాత్రి రెండు గంటలకు ఆడబిడ్డ పుట్టింది, 2 కిలోల 100 గ్రాములు. ఇక్కడిదాకా అంతా బాగుంది. నిజంగానే బాగుంది, ఆ రాత్రి కాన్పు చేసిన సిస్టరమ్మను తలుచుకుంటే వదిన ఇప్పటికీ చేతులు జోడిస్తుంది.

కష్టం ఆ తర్వాత మొదలైంది. వార్డులోకి మార్చినారు, ఒక మంచానికి ఇద్దరు బాలింతలు, ఇద్దరు బిడ్డలు. కుట్లు పడిన మనిషి ఒక పక్కకే ఒత్తిగిలి పండుకోవాల. బిడ్డను తుడిచి చేతికిచ్చినందుకు ఆయాకు మూడొందలు. మగబిడ్డయితే ఐదొందలంట, ఆడబిడ్డ కాబట్టి తగ్గించినామని చెప్పినారు, అదొక దయ. అత్తను రాత్రిళ్ళు వార్డులో ఉండనీయలేదు. బయట వరండాలో కుక్కల మధ్య కూర్చుంది. వేడినీళ్ళు కావాలంటే గేటు బయట టీ అంగట్లో కొనుక్కోవాల. అన్నం బాలింతకు మాత్రమే వస్తుంది, తోడొచ్చిన ముసలామెకు రాదు, ఆమె పొద్దుట నుంచి రెండు బన్నులతో ఉంది. మూడేళ్ళ పెద్ద పిల్లోడిని కాలనీలో పక్క గుడిసెలో వదిలి వచ్చినారు. పొద్దున రౌండుకు వచ్చిన డాక్టరమ్మ పక్కామెను చూసింది, అదే మంచం మీదున్న వదిన దగ్గరికి వచ్చేసరికి ఎవరో పిలిస్తే పోయింది, మళ్ళీ రాలేదు. ఎన్నాళ్ళు ఉండాలో, ఎందుకు ఉండాలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పిందల్లా ఒకటే మాట, "మీరు స్నానాలు చేయరా?"

రెండో రోజు పొద్దున పదకొండుకు వాళ్ళు లేచి వచ్చేసినారు. కాన్పు అయి 33 గంటలు. బస్టాండు దాకా నడక, అక్కడి నుంచి షేర్ ఆటో, మెయిన్ రోడ్డు మీద దిగినాక కాలనీకి రెండు కిలోమీటర్లు మళ్ళీ నడక. నాలుగో రోజు బిడ్డ ఒళ్ళు చల్లబడింది, పాలు గుంజడం మానేసింది. ఆటోకు 1,800 ఇచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయినారు. పసిపిల్లల వార్డులో పదకొండు రోజులు పెట్టినారు. బిడ్డ బతికింది. అక్కడ చేర్చుకునేటప్పుడు పాత కాగితం చూసి ఒకామె గట్టిగా తిట్టిందంట, "ఎందుకు పోయినారు ఆడ నుంచి? బిడ్డ మీద ప్రేమ లేదా మీకు?" దానికి అత్త చెప్పిన జవాబు ఇది: "పండుకోనీకి చోటు యాడుండాది తల్లీ ఆడ?"

మనం ఎన్ని సెమినార్లు పెట్టినా ఈ ప్రశ్న కంటే గట్టిగా అడగలేం.

ఇప్పుడు చట్టం, పథకం ఏమంటున్నాయో చూద్దాం. 2011 జూన్ 1 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం దేశమంతా నడుస్తోంది. దాని ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు ఒక్క పైసా ఖర్చు కాకూడదు. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఆపరేషన్ అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజుల దాకా భోజనం. ఇంటి నుంచి ఆసుపత్రికి బండి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి బండి, 48 గంటలు ఉన్నాక తిరిగి ఇంటికి బండి. జబ్బు చేసిన పసిబిడ్డకు కూడా ఇవన్నీ ఉచితమే, మొదట నెల రోజుల వరకు అన్నారు, తర్వాత ఏడాది దాకా పెంచినారు. మన రాష్ట్రంలో ఇంటికి దింపే బండికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అని పేరు, 102 నంబరు. 2022 ఏప్రిల్ 1న విజయవాడలో 500 కొత్త బండ్లకు జెండా ఊపినారు. అంటే వదిన వాళ్ళు పెట్టిన ప్రతి రూపాయీ, ఆ ఆయా మూడొందల నుంచి ఆటో 1,800 దాకా, పెట్టకూడని రూపాయి.

ఒక మెలిక గమనించండి. ఇంటికి దింపే బండి 48 గంటలు ఉన్నవాళ్ళకు. 48 గంటలు ఉండలేని పరిస్థితి ఆసుపత్రే పెడుతుంది. ఉండలేక పోయినవాళ్ళకు బండి లేదు. పోయినారు కాబట్టి తప్పు వాళ్ళదే. ఎంత గుండ్రంగా ఉందో చూడండి.

ఈ 48 గంటలు ఎందుకంత ముఖ్యమో నర్సింగ్, ఫార్మసీ చదివే మనవాళ్ళకు తెలుసు, మిగిలినవాళ్ళ కోసం చెప్తాం. కాన్పు అయినాక గర్భసంచి ముడుచుకొని గట్టిపడాల. మాయ అతుక్కొని ఉన్నచోట తెరుచుకున్న రక్తనాళాలు అప్పుడే మూసుకుంటాయి. గర్భసంచి మెత్తగా ఉండిపోతే రక్తం కారుతూనే ఉంటుంది. కాన్పు సంబంధంగా తల్లులు చనిపోవడానికి ప్రపంచమంతటా మొదటి వరుసలో ఉండే కారణం ఇదే, ఆ చావుల్లో ఎక్కువ భాగం మొదటి రోజే. మామూలు కాన్పులో అర లీటరు దాటితే ప్రమాదం అంటారు, కానీ ఒంట్లో రక్తం ముందే తక్కువున్న మనిషికి అంత కూడా అక్కర్లేదు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇటుక బట్టీలో, చెరువు గట్టు మీద, నిమ్మతోటలో పనిచేసే మన అక్కల ఒంట్లో ఎంతుంటుందో మీరే ఆలోచించండి. బీపీ పెరిగి ఫిట్స్ రావడం కాన్పు ముందే అనుకుంటారు, తర్వాత రోజుల్లో కూడా వస్తుంది. బిడ్డ సంగతి చూస్తే, రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ తన ఒంటి వేడి తాను నిలుపుకోలేదు. పాలు చప్పరించే బలం ఉండదు. కామెర్లు చాలామంది బిడ్డల్లో రెండో మూడో రోజుకు గానీ కంటికి కనపడవు. అందుకే ఎవరో ఒకరు వచ్చి పొట్ట తడిమి, గుడ్డ చూసి, బీపీ చూసి, బిడ్డ పాదం ముట్టుకొని చూడాల. మిషన్లు అక్కర్లేని పని ఇది, చేయి చాలు. ఆ చేయి వదిన దాకా రాలేదు.

ఇక లెక్కల గొప్ప. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి, అదే సర్వే లెక్క. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2018-20లో దేశానికి 97 ఉంటే మన రాష్ట్రానికి 45. ఇది చిన్న విజయం కాదు, మేం తక్కువ చేసి మాట్లాడడం లేదు. మన అవ్వల కాలంలో కాన్పు అంటే చావు గడప దాకా పోయి రావడమే. కానీ ఆ 45లో మన తల్లులు ఎంతమంది? ఆ లెక్కను కులం వారీగా, తెగ వారీగా వేయరు. పిల్లల లెక్కను వేసినప్పుడు ఏం తేలిందో చూడండి. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు షెడ్యూల్డ్ తెగల్లో వెయ్యికి 57, ఏ రిజర్వేషన్ కిందికీ రాని కులాల్లో 39 లోపే. సగటు బాగుంది కాబట్టి అందరూ బాగున్నారని మనం నమ్మాల్సిన పని లేదు.

ఇంకో మాట కూడా ఆ లెక్కల్లో ఉంది. మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోతలే. ఆపరేషన్ టేబుల్ దగ్గర అంత చురుకుగా ఉండే వ్యవస్థ, కుట్లు వేసినాక ఎందుకు చల్లబడుతుంది? ఎందుకంటే లెక్కకు వచ్చేది కాన్పు. రిజిస్టర్లో "డెలివరీ" అని గడి ఉంది. మన భాషలో "బాలింత" అని విడిగా ఒక మాట ఉంది, ఆమెకు పథ్యం ఉంది, ఆమె పండుకునే మూల ఉంది, పురుడు పోసుకునే దినాలు ఉన్నాయి, ఆ దినాల్లో ఆమెతో ఎవరూ పని చెప్పించరు. చదువు లేదంటున్న మన కాలనీ ఆమెకు ఒక మూల ఇచ్చింది. మంచాల లెక్క తెలిసిన ఆసుపత్రి సగం మంచం ఇచ్చింది.

తోడు మనిషి సంగతికి వద్దాం, అసలు అన్యాయం అక్కడ కనపడుతుంది. 2022 నవంబర్‌లో తిరుపతిలో ప్రసూతి ఆసుపత్రి దగ్గర రోడ్డు మీదనే ఒక తల్లికి కాన్పు అయింది. తోడు ఎవరూ లేరని చేర్చుకోలేదని వార్తలు వచ్చినాయి, వీడియోలు అందరం చూసినాం. దుప్పటి అడ్డం పట్టుకున్నది దారిన పోయేవాళ్ళు. అంటే కాన్పు ముందు తోడు లేనిదే గేటు దాటనీయరు. కాన్పు అయినాక అదే తోడును గేటు బయటికి తోస్తారు. తోడు కావాల, తోడుకు చోటు ఉండకూడదు. సంతకం పెట్టడానికి, మందులు తేవడానికి, బిడ్డను ఎత్తుకొని టీకాల రూము దగ్గర నిలబడడానికి, ఏదన్నా అయితే నింద మోయడానికి కావాల. కేంద్రం 2016లోనే కాన్పు గదిలోకి కూడా ఒక ఆడ తోడును రానీయమని మార్గదర్శకాలు ఇచ్చింది. పక్కనే ఉన్న తమిళనాడు అంతకంటే ముందే ఆ పని మొదలుపెట్టింది. సత్యవేడు, నాగలాపురం వైపు మనవాళ్ళు కొందరు ఊత్తుకోట దాటి కాన్పుకు అటే పోతారు. "అరవ దేశంలో మా అమ్మను లోపల ఉండనిచ్చినారు" అని చెప్తారు. ముత్తులక్ష్మి రెడ్డి పేరు మీద అక్కడ పేద తల్లికి ఇచ్చేది 18,000 రూపాయలు. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ పెట్టినప్పుడు మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000. మన దగ్గర జననీ సురక్షా కింద పల్లెటూరి తల్లికి 700. అదీ ఆధార్ ఉండి, బ్యాంకు ఖాతా ఉండి, రెండిట్లో పేరు ఒకటే ఉంటే.

ఇంటికి పోయే బండి గురించి కూడా తిరుపతి వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో రుయా దగ్గర ఒక తండ్రి పదేళ్ళ కొడుకు శవాన్ని బైకు మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకుపోయినాడు. గేటు దగ్గరి ప్రైవేటు అంబులెన్సు వాళ్ళు అడిగింది ఆయన ఇచ్చుకోలేక, బయటి నుంచి వచ్చిన బండిని వాళ్ళు రానీయక. దేశమంతా నాలుగు రోజులు మాట్లాడుకున్నది. అది పసిబిడ్డ సంగతి కాదు, నిజమే. కానీ ఆసుపత్రి గేటు దాటినాక పేదవాడి దారి ఎవరి చేతిలో ఉంటుందో చెప్పింది. మన కాలనీలకైతే తల్లీబిడ్డ బండి వచ్చినా మెయిన్ రోడ్డు దగ్గర దింపేసి పోతుంది. లోపలికి దారి బాగలేదంటారు. ఆ దారి బాగలేదని మనం అర్జీలు ఇచ్చి ఎన్నేళ్ళయిందో వాళ్ళకు తెలియదు పాపం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. "మనవాళ్ళకు అవగాహన లేదు, అవగాహన సదస్సు పెడదాం" అని మన గ్రూపులోనే ఎప్పుడూ ఎవరో ఒకరు రాస్తారు. ఈ అవగాహన అన్న మాట మీద మాకు కోపం. దాని అర్థం, తప్పు మనదే అని మనమే ముందు ఒప్పేసుకోవడం. వదిన వాళ్ళ అత్తకు ఏ అవగాహన తక్కువైంది? ఆమెకు కావాల్సింది చాప పరుచుకునే ఆరడుగుల నేల, రెండు పూటల అన్నం. ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టి, కాలనీ ఆడవాళ్ళను ఎండలో కూర్చోబెట్టి "ఆసుపత్రిలోనే కాన్పు చేయించుకోండి" అని చెప్పడం ఇంక చాలు. నూటికి 96 మంది చేయించుకుంటున్నారు. ఇప్పుడు చెప్పాల్సింది ఆసుపత్రికి.

అట్లని మన తప్పులు దాచిపెట్టం. ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పుట్టిన గంటకే నీళ్ళు పోసే అవ్వలు ఉన్నారు, తక్కువ బరువు బిడ్డకు అది ప్రాణం మీదికి వస్తుంది. కనీసం ఒక రోజు పోయినాకనే నీళ్ళు పోయాల. బొడ్డుకు ఏదో ఒకటి పూసేవాళ్ళు ఉన్నారు. ఏమీ పూయకూడదు, పొడిగా వదిలేయాల. బిడ్డ పాలు తాగడం లేదంటే పొట్ట మీద వాత పెట్టించిన సంగతులు మన కాలనీల్లోనే విన్నాం. ఇవి తప్పులు, గట్టిగా చెప్పి మాన్పించాల్సినవి. ఇంకోటి, ఆ 700 రూపాయలు ఖాతాలో పడిన సాయంత్రం ఎక్కడికి పోతున్నాయో మగవాళ్ళకు తెలుసు, మేం విడమరిచి రాయం. కానీ ఒక్కటి ఆలోచించండి. 33 గంటలు ఆసుపత్రిలో ఉన్నారు వదిన. బిడ్డకు నీళ్ళు ఎప్పుడు పోయాలో, ఒళ్ళు చల్లబడితే ఏం చేయాలో చెప్పడానికి ఆ 33 గంటల్లో పది నిమిషాలు దొరకలేదా ఎవరికీ? తప్పు దిద్దే చోటు వార్డు. మనిషిని వార్డులో నిలవనీయకుండా తరిమి, తర్వాత మూఢనమ్మకం అని పేపర్లో రాస్తారు.

సిస్టరమ్మల మీద మాకు పగ లేదు. రాత్రి ఒక్క మనిషి ముప్పై నలభై మంది బాలింతలను, అంతమంది బిడ్డలను చూసుకోవాల్సి వస్తే ఎవరికైనా నోరు చెడుతుంది. మన చెల్లెలు కూడా రేపు ఆ డ్యూటీలో నిలబడుతుంది. మనుషులను తక్కువ పెట్టినవాళ్ళు సెక్రటేరియట్లో ఉంటారు, తిట్లు తినేవాళ్ళు వార్డులో ఉంటారు. అయినా తిట్టు ఎప్పుడూ ఒకే మంచం మీద ఎందుకు పడుతుందో, అది పని భారం కాదు. అది కులం.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాం. ఇవాళ ఆశా అక్క ఇంటికి వచ్చి పసిబిడ్డను చూడాలన్న పద్ధతి ఢిల్లీలో పుట్టలేదు, గిరిజనులుండే గడ్చిరోలి పల్లెల్లో పుట్టింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ అక్కడి ఊరి ఆడవాళ్ళకే నేర్పించి, ఇంటింటికీ పంపించి, పసిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గించినారు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2011 నుంచి దేశమంతా అదే పద్ధతి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వచ్చి చూడాల. బరువు తూచాల, చంకలో థర్మామీటర్ పెట్టాల. కేంద్రం ఈ ఆరు రాకలకూ కలిపి ఇచ్చేది 250 రూపాయలు, ఒక్కో రాకకు 42 కూడా పడదు. ఊరి ఆశాకు కాలనీ దూరం, కాలనీలోకి అడుగుపెట్టడం కొందరికి నామోషీ. వదిన దగ్గరికి మూడో రోజు ఎవరైనా వచ్చి ఉంటే నాలుగో రోజు ఆ ఆటో అవసరం లేదు. ఆదివాసీ ఆడవాళ్ళ చేతుల మీద రుజువైన పద్ధతి ఆదివాసీ కాలనీ గేటు దగ్గర ఆగిపోయింది.

రెండోది, కంగారూ పద్ధతి. 1978లో కొలంబియా దేశం బొగోటాలో పెట్టెలు చాలక, తక్కువ బరువు బిడ్డలను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేట్టు కట్టి పెట్టినారు. బిడ్డలు బతికినారు. 2021లో మన దేశంతో కలిపి ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. పుట్టిన వెంటనే, బిడ్డ గట్టిపడేదాకా ఆగకుండా, ఇట్లా పెడితే 28 రోజుల్లోపు మరణాలు పావు వంతు తగ్గినాయి. మరి దీనికి ఏం కావాల? పసిపిల్లల వార్డులోనే తల్లికి మంచం కావాల. ఆమె నీళ్ళకు పోయినప్పుడు బిడ్డను ఒంటికి కట్టుకునే అత్తో అమ్మో లోపల ఉండాల. వదిన ఏం చేసింది ఆ పదకొండు రోజులు? కుట్లతో వరండాలో కూర్చుంది. పాలు పిండి గ్లాసులో పంపింది. అద్దంలో నుంచి చూసింది.

అందుకే మేం చోటు, చోటు అని ఇంతగా మొత్తుకుంటున్నాం. తల్లికీ తోడుకూ చోటు ఇవ్వడం దయ కాదు, సౌకర్యం కూడా కాదు. అదే వైద్యం. బిడ్డను బతికించే మందుల పక్కనే దాన్నీ రాయాల.

తిరుపతిలో చోటు లేదని మాత్రం ఎవరూ అనొద్దు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముక్కూమొహం తెలియని జనానికి రోజూ చాపలు, మంచాలు, లాకర్లు, వేడినీళ్ళు, అన్నం అమర్చే ఊరు ఇది. శ్రీనివాసం ఉంది, విష్ణునివాసం ఉంది. కంప్యూటర్ నొక్కితే ఏ గదిలో ఎవరున్నారో చెప్తుంది. అన్నప్రసాదం పెద్దాసుపత్రుల దాకా వస్తుంది, అది మంచి పని, దాన్ని మేం తలకెత్తుకుంటాం. ఆ ఊర్లో బాలింత అత్తకు ఆరడుగులు దొరకదంటే నమ్మం. చోటు ఉంది, ఎవరికి అన్నదే ప్రశ్న.

ఇంకో అడ్డంకి ఉంది. ఏజెన్సీలో ఐటీడీఏ ఉంటుంది. సాలూరులో కొండల మీది గర్భిణులను కాన్పుకు ముందే తెచ్చి పెట్టుకునే వసతి గృహం నడిపినారు, పిల్లలతో సహా ఉండనిచ్చినారు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. యానాదుల ఐటీడీఏ నెల్లూరులో ఉంది. మైదానం గిరిజనుడంటే అధికారికి గిరిజనుడిగా ఆనడు, ఊరివాడికి ఊరివాడిగా ఆనడు. అభయ్ బంగ్ అధ్యక్షుడిగా ఉన్న గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లోనే చెప్పింది, గిరిజనుల్లో సగానికి పైగా గిరిజనులు ఎక్కువుండే బ్లాకుల బయటే బతుకుతున్నారని. ఆ సగంలో మనం ఉన్నాం.

మా అడుగులు ఇవి. తిరుపతిలో, చిత్తూరులో ప్రసూతి ఆసుపత్రి పక్కన బాలింతల తోడుకు రాత్రి ఉండే గది, అన్నం. 48 గంటల్లోపు పోతామన్న ప్రతి తల్లి దగ్గర వేలిముద్రకు ముందు "ఎందుకు పోతున్నారు" అని అడిగి, ఆ కారణం తెలుగులో షీటు మీద రాయాల. లామా లెక్క నెల నెలా తెగ వారీగా బయట పెట్టాల, సమాచార హక్కు కింద మేం అడగబోతున్నాం. బండి కాలనీలోకి రావాల. కాలనీకి ఆశా కాలనీ ఆడమనిషే అయ్యుండాల. చదువు అడ్డమైతే గడ్చిరోలిలో ఎవరిని ఎంచుకున్నారో చూడమనండి.

మన వంతు కూడా ఉంది. తిరుపతిలో యూనివర్సిటీ హాస్టళ్ళలో, ఎస్టీ హాస్టళ్ళలో మనం వందల మందిమి ఉన్నాం. మన కాలనీ నుంచి ఎవరు కాన్పుకు వచ్చినా హాస్టల్ నుంచి ఇద్దరు పోవాల, ఒక అమ్మాయి తప్పకుండా ఉండాల. షీటు చదివి పెట్టండి. 102కు ఫోన్ చేసి పెట్టండి. ఆయా డబ్బులడిగితే అన్నా అక్కా అని మర్యాదగానే, కానీ పక్కన నలుగురికి వినపడేట్టు "ఇది ఉచితం కదా" అనండి. 21 రోజుల్లోపు జనన నమోదు ఉచితం, అది అయ్యేదాకా వదలొద్దు. 2023 అక్టోబర్ తర్వాత పుట్టిన బిడ్డకు బడికైనా ఆధార్‌కైనా పుట్టిన తేదీకి ఆ కాగితమే రుజువు. ఆ ఒక్క కాగితం లేకనే మనలో ఎంతమంది కుల సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినామో మరిచిపోవద్దు.

వదిన బిడ్డకు ఇప్పుడు ఏడో నెల. బోర్లా పడుతోంది, పెద్దోడి జుట్టు పీకుతోంది. జనన ధృవపత్రం ఇంకా రాలేదు. పోయిన వారం అన్న చెరువాయన దగ్గర ఒక పూట అడుక్కొని మొదటి ఆసుపత్రికి పోయినాడు. రికార్డు తీసి చూసి, "మీది పారిపోయిన కేసు కదయ్యా, సోమవారం రా" అన్నారంట. సోమవారం ఆయనతో మేం నలుగురం పోతున్నాం. తిరుపతి నుంచి పొద్దున ఆరు గంటల బస్సు. రాగలిగినవాళ్ళు బస్టాండుకు రండి.